పాట వెనుక ప్రయోగశాల: 'ఓకే గో' బృందం కథ

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, దుండిగల్)

పాట అనగానే మన తెలుగువాళ్ళకు ముందు సినిమా గుర్తుకు వస్తుంది. ఎవరు రాశారు, ఎవరు వాయించారు అనే దానికంటే ఏ సినిమాలోది, ఎవరి మీద తీశారు అని అడగడమే మన అలవాటు. అందులో తప్పేమీ లేదు. అయితే సినిమాతో నిమిత్తం లేకుండా నలుగురు స్నేహితులు కూడి, పాట తామే రాసుకుని, తామే వాయించి పాడి, దానికి మూడు నాలుగు నిమిషాల బొమ్మ కూడా తీసి జనం మీదికి వదిలే పద్ధతి పాశ్చాత్య దేశాల్లో చాలాకాలంగా ఉంది. ఆ బొమ్మనే మ్యూజిక్ వీడియో అంటారు. అమెరికాలో 1981 ఆగస్టు 1న ఎం.టి.వి. అనే టెలివిజన్ ఛానల్ మొదలయ్యాక ఈ పద్ధతికి బలం వచ్చింది.

మన దగ్గరా ఈ ప్రయత్నం లేకపోలేదు. హైదరాబాదుకు చెందిన 'చౌరస్తా' బృందం 'ఊరెళ్ళిపోతా మామ' అనే పాటతో ఏ సినిమా అండా లేకుండానే ఎంతోమంది ఫోన్లలోకి చేరింది. దాని గాయకుడు రామ్ మిర్యాల ఆ తరువాత 2021లో 'జాతిరత్నాలు'లో పాట పాడాడు, 2022లో 'డీజే టిల్లు' పేరు పాటకు బాణీ కట్టి పాడాడు. దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? మన దేశంలో సినిమా పెద్ద కాలువ. మిగిలినవి పిల్ల కాలువలు. నీళ్ళు చివరికి పెద్ద కాలువ వైపే పోతాయి.

ఈ వ్యాసంలో నేను పరిచయం చేయదలచుకున్నది అమెరికాకు చెందిన 'ఓకే గో' అనే బృందాన్ని. వాళ్ళ పాటలు మన చెవికి కొత్తగా ఉండవచ్చు. కానీ వాళ్ళ వీడియోలు చూస్తే సైన్సు చదివే విద్యార్థికి తన పాఠ్యపుస్తకం కళ్ళముందు ఆడుతున్నట్టు ఉంటుంది. సాపేక్ష వేగం, సంభావ్యత, స్వేచ్ఛా పతనం, అన్నీ ఉన్నాయి. వీటన్నిటికంటే ముఖ్యంగా, తప్పు చేయడం ఎట్లాగో నేర్పే పాఠం ఒకటి ఉంది.

కాలేజీ రేడియోలో పుట్టిన సంగీతం

'ఓకే గో' వాయించేది ఆల్టర్నేటివ్ రాక్. రాక్ అంటే స్థూలంగా గిటార్లు, డ్రమ్ములు ప్రధానంగా సాగే పాట. 1980లలో పెద్ద రికార్డు కంపెనీల అభిరుచికి సరిపోని బృందాలు అమెరికాలో చాలా పుట్టాయి. వాటి పాటలను పెద్ద రేడియోలు వేయలేదు. విద్యార్థులు నడిపే కాలేజీ రేడియో కేంద్రాలు వేశాయి. అందుకే మొదట్లో ఆ సంగీతాన్ని 'కాలేజ్ రాక్' అని కూడా పిలిచేవారు. మనలాంటి విద్యార్థులే ఒక సంగీత శాఖను నిలబెట్టారన్న మాట. 1991లో నిర్వానా అనే బృందం 'నెవర్‌మైండ్' ఆల్బంతో వచ్చాక ఈ పిల్ల కాలువ కూడా పెద్ద కాలువలో కలిసింది.

డేమియన్ కూలాష్, టిమ్ నార్డ్‌విండ్ అనే ఇద్దరు చిన్నతనంలో మిషిగన్ రాష్ట్రంలో జరిగిన ఒక కళల శిబిరంలో కలుసుకున్నారు. అక్కడి చిత్రకళ మాస్టారు బొమ్మ వేయమనేటప్పుడు అనే మాట 'ఓకే... గో!' మన భాషలో 'సరే, ఇక కానివ్వండి' అన్నట్టు. 1998లో షికాగోలో బృందం కట్టినప్పుడు ఆ మాటనే పేరుగా పెట్టుకున్నారు. డ్రమ్ముల మీద డాన్ కొనోప్కా. 2005లో గిటారిస్టుగా ఆండీ రాస్ చేరాడు. 2002లో కాపిటల్ అనే పెద్ద కంపెనీ ద్వారా మొదటి ఆల్బం, 2005లో రెండోది వచ్చాయి. అప్పటికి వాళ్ళు వందల బృందాల్లో ఒక బృందం, అంతే.

నడిచినా కదలని యంత్రాలు

2005లో 'ఎ మిలియన్ వేస్' అనే పాటకు నలుగురూ ఇంటి పెరట్లో నిలబడి, ఒక్క కెమెరాను కదలకుండా పెట్టి నాట్యం చేశారు. నాట్యం కూర్చింది డేమియన్ అక్క ట్రిష్ సీ. ఖర్చు లేదు, సెట్టింగు లేదు. ఇంటర్నెట్‌లో చేతులు మారి మారి అది దేశదేశాలకు పాకింది. మరుసటి ఏడాది, 2006 జులై 31న, 'హియర్ ఇట్ గోస్ అగైన్' వీడియో వచ్చింది. ఇందులో ఎనిమిది ట్రెడ్‌మిల్లులు. ట్రెడ్‌మిల్లు అంటే కాళ్ళ కింద పట్టీ వెనక్కి జరుగుతూ ఉంటే మనిషి దాని మీద ముందుకు నడిచే యంత్రం. నడక నడకే, మనిషి మాత్రం ఉన్నచోటే ఉంటాడు.

వాళ్ళు యంత్రాలను పక్కపక్కనే పెట్టి, ఒకదాని పట్టీ ఇటు, పక్కదాని పట్టీ అటు తిరిగేట్టు చేశారు. ఇక్కడ మన ఇంటర్మీడియట్ పాఠం గుర్తు తెచ్చుకోండి. ఒక పట్టీ వేగం ఒక వైపు వి, పక్క పట్టీ వేగం ఎదురు వైపు వి అయితే, రెండింటి సాపేక్ష వేగం 2వి. ఒక పట్టీ మీద నిలబడ్డవాడు పక్క పట్టీ మీద కాలు పెట్టాడంటే అంత తేడాను ఒక్క అడుగులో సర్దుకోవాలి. కాలి కింద ఘర్షణ పట్టీతో లాగుతుంది, పైన ఒళ్ళు జడత్వంతో పాత దిక్కుకే పోదామంటుంది. కాలు జారడానికి ఇంతకంటే ఏం కావాలి? కదిలే బస్సు నుంచి దిగినవాడు నాలుగడుగులు బస్సు వెంటే పరిగెత్తేది కూడా ఇందుకే.

వీడియో మొత్తం మధ్యలో కోత లేకుండా ఒకే షాట్. ఒకడు తడబడితే మళ్ళీ మొదటి నుంచి. పదిహేడు ప్రయత్నాలు పట్టింది. 2007లో దీనికే సంగీత లోకంలో పెద్ద బహుమతి అయిన గ్రామీ వచ్చింది.

దళారి లేని మార్కెట్టు

ఇప్పుడు కొంచెం వ్యాపారం సంగతి. రైతు బిడ్డలకు ఈ భాగం తొందరగా అర్థమవుతుంది.

కూరగాయలు పండించేది రైతు. కొనేది పట్నంవాసి. మధ్యలో కమీషన్ ఏజెంటు. ఆయన బండికి చోటు ఇస్తాడు, అవసరానికి అప్పు ఇస్తాడు, ఆ పైన ధర కూడా తానే చెబుతాడు. ఈ దారి ఒక్కటే ఉండకూడదని 1999లో మన రాష్ట్రంలో రైతు బజార్లు పెట్టారు. పాటల లోకంలో రికార్డు కంపెనీది ఆ ఏజెంటు స్థానం. రికార్డింగుకు పెట్టుబడి పెడుతుంది, పాటను దుకాణాలకూ రేడియోలకూ చేరుస్తుంది. పాట మీద హక్కు దాని చేతిలో ఉంటుంది.

'ఓకే గో' వీడియోలు పాకింది జనం తమ తమ ఇంటర్నెట్ పేజీల్లో వాటిని అతికించుకోవడం వల్ల. అయితే అప్పట్లో యూట్యూబ్ సొంత పేజీలో చూస్తేనే కంపెనీకి డబ్బు వచ్చేది, ఇతర పేజీల్లో చూస్తే వచ్చేది కాదు. అందుకని వాళ్ళ కంపెనీ ఇ.ఎం.ఐ. ఆ అతికింపును ఆపించింది. అప్పుడు చూసేవాళ్ళ సంఖ్య పదింట తొమ్మిది వంతులు పడిపోయిందని డేమియన్ 2010 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రాశాడు. గట్టు తెగకూడదని కాలువనే పూడ్చినట్టయింది. మరుసటి నెలలోనే బృందం ఆ కంపెనీ నుంచి బయటికి వచ్చి 'పారాకాడూట్' అనే సొంత సంస్థ పెట్టుకుంది.

వంద మెట్ల గొలుసు

అదే 2010 మార్చిలో 'దిస్ టూ షల్ పాస్' పాట వీడియో విడుదలైంది. లాస్ ఏంజెలిస్‌లో రెండంతస్తుల గోదాములో 'సిన్ ల్యాబ్స్' అనే ఇంజనీర్ల బృందంతో కలిసి ఒక పెద్ద యంత్రం కట్టారు. పేక ముక్కల్లా నిలబెట్టిన చిన్న పలకలు ఒకదాన్నొకటి పడేస్తాయి, గోళీ దొర్లుతుంది, గోళీ మీటను కదుపుతుంది, మీట ఇంకోదాన్ని. పోనుపోను వస్తువులు పెద్దవవుతాయి. టీవీ పగులుతుంది, పియానో పైనుంచి పడుతుంది, చివరికి రంగుల ఫిరంగులు పేలి నలుగురి మొహాలూ రంగులమయం. ఇవన్నీ పాట తాళానికి సరిగ్గా జరగాలి. రెండు రోజుల్లో అరవైకి పైగా ప్రయత్నాలు చేశారు.

ఎందుకంత కష్టం? లెక్క వేద్దాం. ఒక గొలుసులో వంద మెట్లు ఉన్నాయనుకోండి. ప్రతి మెట్టు పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా పని చేస్తుందనుకోండి. ఒక్కో మెట్టుకు నూటికి తొంభై మార్కులు, అంటే డిస్టింక్షనే! కానీ గొలుసు మొత్తం పని చేసే సంభావ్యత 0.9ని వందసార్లు గుణిస్తే వచ్చేది. అది సుమారు 37 వేల ప్రయత్నాలకు ఒక్కసారి. ప్రతి మెట్టునూ నూటికి తొంభైతొమ్మిదికి తెచ్చినా, మొత్తం గొలుసు నూటికి ముప్పైయారుసార్లే నెగ్గుతుంది. మా బావి మోటరు సంగతీ ఇంతే. కరెంటు, ఫ్యూజు, స్టార్టరు, ఫుట్‌వాల్వు, పైపు, వీటిల్లో ఏ ఒక్కటి మొండికేసినా మడికి నీళ్ళు రావు.

మరి వాళ్ళు ఏం చేశారు? ఇక్కడే నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఉంది. చిన్న వస్తువులనే నమ్మలేం. గోళీకి కొంచెం దుమ్ము అంటినా దారి తప్పుతుంది. పియానోకు దుమ్ముతో పని లేదు, వదిలితే కింద పడి తీరుతుంది. అందుకని నమ్మకం లేని చిన్న వస్తువులన్నీ యంత్రం మొదట్లో పెట్టారు. తప్పు జరిగితే మొదటి కొద్ది క్షణాల్లోనే జరుగుతుంది. గోళీ తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు, పోయేదేమీ లేదు. పగిలేవి, ఖరీదైనవి, మళ్ళీ కట్టడానికి గంటలు పట్టేవి చివర్లో పెట్టారు. క్లుప్తంగా చెప్పాలంటే, తప్పు ముందే జరగాలి, చౌకగా జరగాలి.

ఇది అమెరికా ఇంజనీర్లు కనిపెట్టిన రహస్యం కాదు. విత్తనాలు సంచీల్లో ఉండగానే వంద గింజలు తడిగుడ్డలో చుట్టి, నాలుగైదు రోజులకు విప్పి, ఎన్ని మొలకెత్తాయో మా ఇళ్ళల్లో లెక్కపెడతారు. మొలక తక్కువైతే పోయేది గుప్పెడు గింజలు. ఆ పరీక్ష చేయకుండా పొలమంతా చల్లితే పోయేది ఒక పంటకాలం.

తాళం వేసిన కారు

2012 ఫిబ్రవరిలో 'నీడింగ్/గెటింగ్' వీడియో వచ్చింది. ఎడారిలో దారికి ఇరువైపులా వెయ్యికి పైగా వాయిద్యాలూ వస్తువులూ పేర్చి, కారుకు బయట చేతుల్లాంటి కడ్డీలు బిగించి నడిపారు. కారు పోతుంటే కడ్డీలు తగిలి గిటార్లు, పియానోలు మోగుతాయి. అదే పాట. ఇక్కడ కాలం దూరంగా మారింది. కారు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్లు పోతుందనుకుందాం. అర సెకనుకొక దెబ్బ పడాలంటే వాయిద్యాలను ఏడున్నర మీటర్లకొకటి పెట్టాలి. డ్రైవరు కాలు కొంచెం సడలినా తాళం తప్పుతుంది. డేమియన్ ఇందుకోసం ప్రత్యేకంగా డ్రైవింగు నేర్చుకుని తానే నడిపాడు.

విమానంలో బరువు లేని పాట

దుండిగల్‌లో పుట్టినవాళ్ళకు విమానం చప్పుడు కొత్త కాదు. ఊరి పక్కనే వైమానిక దళ అకాడమీ ఉంది. శిక్షణ విమానాలు పైకెక్కడం, ముక్కు దించడం పొలంలో పని చేసుకుంటూనే చూస్తుంటాం. విమానం అట్లా పైకి పోయి ముక్కు దించేటప్పుడు లోపలివాడి ఒళ్ళు తేలికవుతుంది. ఎత్తయిన వంతెన మీద బస్సు వేగంగా పోయి దిగేటప్పుడు మన కడుపులో గుల్లగా అనిపించదూ, అదే.

2016 ఫిబ్రవరిలో వచ్చిన 'అప్‌సైడ్ డౌన్ అండ్ ఇన్‌సైడ్ అవుట్' వీడియో తీసింది ఇట్లా ఎగిరే విమానంలో. రష్యాకు చెందిన ఎస్7 విమాన సంస్థ ఖర్చు పెట్టుకుంది. వ్యోమగాములకు శిక్షణ ఇచ్చే పెద్ద ఇల్యూషిన్-76 విమానం వాడారు. అందులో మనుషులు, బంతులు, రంగునీళ్ళ బెలూన్లు గాలిలో తేలుతూ ఉంటే పాట సాగుతుంది.

చాలామంది 'అక్కడ గురుత్వాకర్షణ ఉండదు' అనుకుంటారు. అది పొరపాటు. పది కిలోమీటర్ల ఎత్తులో గురుత్వాకర్షణ నేల మీద కంటే వెయ్యికి మూడు వంతులే తక్కువ. అసలు జరిగేది వేరు. పైలట్ విమానాన్ని ఏటవాలుగా పైకి తీసుకుపోయి, గాలి ఆపే బలానికి సరిపడేంత మాత్రమే ఇంజను బలం ఉంచి, మిగతాది భూమికి వదిలేస్తాడు. అప్పుడు విమానం విసిరిన రాయిలాగే పరావలయ మార్గంలో పోతుంది. విమానమూ పడుతోంది, లోపలి మనిషీ అంతే వేగంతో పడుతున్నాడు. కింద నేలే తనతోపాటు పడిపోతుంటే పాదానికి ఒత్తిడి ఎక్కడిది? బరువు తెలియదు.

ఇది ఒక్కో దఫా సుమారు 27 సెకన్లు ఉంటుంది. మన సూత్రంతో సరిచూసుకోవచ్చు. పదమూడున్నర సెకన్లు పైకి, పదమూడున్నర కిందికి. అంటే మొదట్లో నిలువు వేగం సెకనుకు సుమారు 132 మీటర్లు ఉండాలి, శిఖరం సుమారు 900 మీటర్ల పైన ఉంటుంది. కిందికి వచ్చాక విమానాన్ని మళ్ళీ పైకి లాగేటప్పుడు ఒంటి బరువు దాదాపు రెండింతలవుతుంది.

ఇరవై ఏడు సెకన్లలో మొత్తం పాట ఎట్లా పడుతుంది? పాటను ఇరవై ఒక్క సెకన్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కను నెమ్మదిగా మోగించి ఇరవై ఏడు సెకన్లకు సాగదీశారు. ఎనిమిది పరావలయాలు వరుసగా తీసి, మధ్యలో బరువు ఉన్న నిమిషాలను తొలగించి కలిపారు. ఆ తొలగించే నిమిషాల్లో అందరూ ఉన్న భంగిమలోనే కూర్చోవాలి. మొత్తం 21 విమాన ప్రయాణాలు, ఒక్కోదానిలో 15 పరావలయాలు, వెరసి 315. విమానంలోని వాళ్ళందరికీ కలిపి 58 సార్లు వాంతులయ్యాయని కూడా బృందమే లెక్క చెప్పింది! లెక్క రాసుకోవడం అంటే అట్లా ఉండాలి.

ఇది పాటనా, సర్కస్సా?

ఈ వీడియో మా నాయినకు చూపిస్తే చివరిదాకా కన్నార్పకుండా చూసి, "ఏందిరా ఇది, పాటనా సర్కస్సా?" అన్నాడు. పెద్ద పెద్ద విమర్శకులు అడిగిందీ ఇదే ప్రశ్న. వీడియోలు గుర్తున్నంతగా వీళ్ళ పాటలు జనానికి గుర్తు లేవు. చమత్కారం పాటను మింగేసిందనే విమర్శలో కొంత నిజం ఉంది. ఇంకో సంగతి కూడా దాచకూడదు. రికార్డు కంపెనీని వదిలి స్వేచ్ఛ పొందిన బృందానికి ఆ గోదాము యంత్రం ఖర్చు ఒక భీమా సంస్థ ఇచ్చింది, ఎడారి కారు వీడియోకు కార్ల కంపెనీ, విమానానికి విమాన సంస్థ. ఏజెంటు పోయాడు కానీ పెట్టుబడిదారు పోలేదు. తేడా అల్లా, పాట మీద హక్కు మాత్రం పాడేవాళ్ళ చేతిలో మిగిలింది. అది చిన్న తేడా కాదని నా అభిప్రాయం. రైతు బజారుకు పోయిన రైతుకూ బండి కిరాయి తప్పదు కదా.

బృందం ఇప్పటికీ పని చేస్తోంది. 2025 ఏప్రిల్‌లో ఐదో ఆల్బం వచ్చింది. అందులో ఒక పాట వీడియో 64 ఫోన్ల తెరలను పక్కపక్కన పేర్చి తీసినది. మరో మంచి పని ఏమంటే, 2018లో ఒక అమెరికా విశ్వవిద్యాలయంతో కలిసి 'ఓకే గో శాండ్‌బాక్స్' పేరుతో తమ వీడియోల వెనుక లెక్కలనూ భౌతికశాస్త్రాన్నీ బడి పిల్లలకు చెప్పే పాఠాలు తయారు చేసి ఉపాధ్యాయులకు ఉచితంగా ఇచ్చారు.

మనకు దీనితో పని ఏమిటి?

మిత్రులు అడగవచ్చు, వాళ్ళకు విమానాలున్నాయి, డబ్బుంది, అరవైసార్లు తప్పినా ఎవరో ఖర్చు భరిస్తారు, మన సంగతేమిటని. న్యాయమైన ప్రశ్న. ఒక పంట పోతే ఏడాది పోయే ఇంటి నుంచి వచ్చినవాడికి తప్పు చేయాలంటే భయం ఉంటుంది. ఒక్క సబ్జెక్టు తప్పినా ఫీజు, వయసు, ఇంట్లో చెల్లెలి చదువు, అన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకే మనలో చాలామంది ప్రయోగశాలలోకి ముందే జవాబు తెలుసుకుని వెళతాం. లోలకం ఊపక ముందే 9.8 వస్తుందని రాసి పెట్టుకుంటాం. వచ్చిన రీడింగు 10.4 అయితే అది ఎందుకు వచ్చిందని ఎవరూ అడగరు, రబ్బరుతో చెరిపేస్తాం. ఆ 10.4లోనే దారం పొడవు కొలిచిన తీరు, స్టాప్‌వాచి నొక్కిన వేలు ఆలస్యం, ఊపు కోణం, అసలు భౌతికశాస్త్రమంతా ఉంది!

కానీ గ్రామీ తెచ్చిన వీడియోకు విమానం అక్కర్లేదు. కదలని కెమెరా ఒకటి, పదిహేడుసార్లు మళ్ళీ మొదలుపెట్టే ఓపిక. యంత్రం మొదట్లో గోళీలు పెట్టినట్టు జీవితం మొదట్లో తప్పులకు చోటు పెట్టుకోవాలి. ఇరవై ఏళ్ళప్పుడు కాలేజీ ప్రయోగశాలలో జరిగే తప్పు ఖరీదు ఒక గంట, కొంచెం రసాయనం, ఒక తెల్లకాగితం. అదే తప్పు రేపు ఆసుపత్రి ల్యాబులోనో, మందుల ఫ్యాక్టరీలోనో, పొలంలోనో జరిగితే పియానో కింద పడ్డట్టే. కాలేజీ మన మొలక పరీక్ష. తడిగుడ్డ విప్పి మొలవని గింజలను లెక్కపెట్టుకునే చోటు ఇదే.

మా అధ్యాపకులకు ఈ సంచిక ద్వారా ఒక చిన్న మనవి. రికార్డు పుస్తకంలో ప్రతి ప్రయోగం చివర ఒక పేజీ, సరిగా రాని రీడింగుల కోసం, అవి ఎందుకు రాలేదో రాసేందుకు కేటాయించండి. ఆ పేజీకి రెండు మార్కులు పెట్టండి. రబ్బరు అమ్మకాలు తగ్గుతాయేమో కానీ, సైన్సు పెరుగుతుంది.